సాయిలక్ష్మి ఒప్పుకున్న తప్పు

సాయిలక్ష్మి తప్పు ఒప్పుకునే మనిషి కాదు. ఈ సంగతి పెదకాకానిలో ఆమె ఉండే వీధి మొత్తానికీ తెలుసు. ఆమె పనిచేసే కోల్డ్ స్టోరేజీ మేస్త్రికి ఇంకా బాగా తెలుసు. ఒకసారి గుంటూరు బస్టాండులో విజయవాడ బస్సనుకుని తెనాలి బస్సెక్కింది. సగం దూరం పోయాక చూసుకుని, బోర్డు కనపడేట్టు పెట్టుకోవడం చేతకాదా అని కండక్టర్ని కడిగిపారేసింది. పాపం ఆ పెద్దమనిషి తప్పు తనదేనేమో అనుకుని, బస్సాపించి, ఎదురుగా వచ్చే బస్సును చెయ్యెత్తి ఆపి మరీ ఎక్కించాడట. ఈ కథ సాయిలక్ష్మే చెబుతుంది, నవ్వుతూ. అందులో తన పొరపాటు ఉందని మాత్రం ఇప్పటికీ అనదు.

అలా పెరిగింది మరి. చీరాల నుంచి వాడరేవు వెళ్లే దారిలో వాళ్ల పుట్టిల్లు. నలుగురు అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. గట్టిగా అరవకపోతే కంచంలో కూర ముక్క కూడా మిగిలేది కాదు. ఆ నోరు వేసుకునే కాపురానికొచ్చింది. మొగుడు కోటి ట్రాలీ ఆటోలో మిర్చి టిక్కీలు, అంటే గోనెబస్తాలు, మార్కెట్ యార్డుకు తోలతాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. మిగతా మాటలన్నీ ఆమే మాట్లాడి ఆ ఇంటి లెక్క సరిచేస్తుంది.

పనిలో మాత్రం ఆమెకు ఎవరూ వంక పెట్టలేరు. హైవే పక్క కోల్డ్ స్టోరేజీలో ఆడవాళ్లంతా వరసగా కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తారు. చూడ్డానికి తేలిక పనే. ఒక పూట చేసి చూడండి తెలుస్తుంది. గాలిలో ఘాటు, ముక్కులో ఘాటు, కట్టుకున్న చీర కుచ్చిళ్లలో కూడా ఘాటే. పక్కవాళ్లు ఒక బస్తా ముగించేలోగా సాయిలక్ష్మి రెండో బస్తా మూతి విప్పుతుంది. కళ్లు మూసుకుని వాసన చూసి ఏ రకం కాయో చెప్పేస్తుంది. కానీ సాయంత్రానికి ఆ చేతులు చేతులు కావు, కుంపట్లు. మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె రాసినా ఆ మంట తెల్లారేదాకా పోదు. ఆ చేత్తో కన్ను తుడుచుకోకూడదు, పిల్లని ముద్దు చేయకూడదు. అన్నం కలిపి నోట్లో పెడితే పిల్ల నోరు మండిపోతుంది.

ఆమె బాధంతా అక్కడే. కూతురు ఉదయశ్రీకి నాలుగేళ్లు. అమ్మ చేతి ముద్ద తినే వయసు. సాయిలక్ష్మి చెంచాతో పెడుతుంది. చెంచా చూడగానే అది పెదాలు బిగించేస్తుంది. పిల్ల పుల్లలా ఉందని అంగన్‌వాడీలో తూకం వేసినప్పుడల్లా మాట పడాలి. "కన్నతల్లి చెయ్యి అన్నానికి పనికిరాకపోతే ఇంకెందుకే ఆ చెయ్యి" అని అత్త వెంకాయమ్మ ఒకసారి అననే అంది. నోరున్న సాయిలక్ష్మి ఆ మాటకు లేచి వెళ్లి, చేతులు మళ్లీ మజ్జిగతో కడుక్కుంది.

ఆ వీధిలో సాయంత్రం ఆరు దాటితే తల్లులంతా గిన్నెలు పట్టుకుని అరుగుల మీదకొస్తారు. పిల్లలకి ఆవునీ, ఆటోనీ, గుడికి పోయే జనాన్నీ చూపిస్తూ నాలుగు ముద్దలు లోపలికి పంపిస్తారు. ఒక సాయంత్రం ఉదయశ్రీ దేనికీ లొంగలేదు. గిన్నెలో అన్నం చల్లారిపోయింది. సాయిలక్ష్మికి ఒళ్లంతా అలసట, చేతులు మంట, వెనకనించి అత్త చూపులు. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో చిసోమో కనపడ్డాడు.

చిసోమోది ఆఫ్రికాలో మలావి అనే దేశం. ఇక్కడ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ వీధి చివర మేడ మీద గది అద్దెకు తీసుకున్నాడు. ఆరడుగుల మనిషి, మంచి నలుపు, భుజాన పుస్తకాల సంచి. అప్పటిదాకా అతని గురించి సాయిలక్ష్మి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మంచీ అనుకోలేదు, చెడూ అనుకోలేదు.

"అడుగో బూచోడు" అంది. "తినని పిల్లల్ని ఆ సంచీలో వేసుకుపోతాడు. వస్తన్నాడు చూడు."

ఉదయశ్రీ చూసింది. నోరు తెరిచింది. నాలుగు చెంచాలు, ఐదు, ఆరు, గిన్నె ఖాళీ. సాయిలక్ష్మికి ఆనందంతో కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్లూ తట్టలేదేమిటా అనుకుంది. మర్నాడు ఎదురింటామెకు చెప్పింది, ఆమె పక్కింటామెకు చెప్పింది. పది రోజుల్లో ఆ వీధి పిల్లలందరూ చిసోమో పుణ్యాన కడుపునిండా తిన్నారు. ఆరున్నర కాగానే తల్లులు గిన్నెలతో సిద్ధంగా కూర్చుని, "ఇంకా రాలేదేందే మీ బూచోడు" అని సాయిలక్ష్మిని ఆటపట్టించేవాళ్లు. ఆమె మురిసిపోయేది. ఏం చేస్తాం, మురిసిపోయింది మరి. దాచడమెందుకు.

రెండు నెలలకు అతను ఆ వీధిలో కనపడ్డం మానేశాడు. గది ఖాళీ చేసి ఉంటాడనుకున్నారు. మనిషి లేకపోయినా పేరు మాత్రం పనిచేస్తూనే ఉంది. ఇంట్లో ఆ పేరును అత్త ఇంకో పనికీ వాడింది. ఉదయశ్రీది తండ్రి రంగు. ఆదివారం ఆదివారం వెంకాయమ్మ దాన్ని పీట మీద కూర్చోబెట్టి సున్నిపిండితో చర్మం ఊడేట్టు రుద్దుతూ, "ఎండలో తిరిగావంటే బూచోడిలా అయిపోతావే" అనేది. సాయిలక్ష్మి నీళ్లు పోసేది. ఆ మాట విన్నది, విననట్టే ఊరుకున్నది.

*

మార్చిలో ఒకరోజు సరుకు రాక మధ్యాహ్నానికే పని వదిలేశారు. పిల్లని తీసుకొద్దామని సాయిలక్ష్మి నేరుగా అంగన్‌వాడీకి వెళ్లింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల పిల్లలు కేకలేస్తూ పరిగెడుతున్నారు. మూల బియ్యం బస్తాల పక్కన ఉదయశ్రీ, భుజాన ఖాళీ గోనెసంచి వేసుకుని నిలబడి ఉంది. అది రెండడుగులు ముందుకేస్తే పిల్లలంతా "బూచి, బూచి" అంటూ గోడకు అతుక్కుపోతున్నారు. ఒకడు దొరికాడు. ఆట మళ్లీ మొదలైంది. మళ్లీ మూలన నిలబడింది ఉదయశ్రీయే.

సాయిలక్ష్మి మూడుసార్లు చూసింది. నాలుగోసారి లోపలికెళ్లి టీచర్ దేవకుమారి మీద పడింది.

"ఏం మేడం, పొద్దస్తమానం మా పిల్లనే దొంగని చేస్తారా? మిగతావాళ్లకి కాళ్లు లేవా?"

దేవకుమారి ఏమీ కంగారుపడలేదు. "నేను చెప్పలేదమ్మా. నెలరోజుల్నించీ ఇంతే. వంతులు మార్చుదామన్నా మీ అమ్మాయి ఒప్పుకోదు. నేనే ఉంటా అంటది. మీరే అడగండి."

సాయిలక్ష్మి కూతురి ముందు కూర్చుంది. "ఎందుకే ఎప్పుడూ నువ్వే? ఎదురింటి చైతన్యకృష్ణని ఉండమను."

ఉదయశ్రీ తల్లికేసి చూసిన చూపులో కాస్త జాలి కూడా ఉంది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "వాడు తెల్లగా ఉంటాడుగా. వాడెట్టా అవుతాడు? బూచోళ్లు నల్లగా ఉంటారు. నేనేగా నల్లగా ఉంది."

"ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వేగా."

ఏడవలేదు, అలగలేదు. గోనెసంచి భుజం మీద సర్దుకుని, ఇంకో మాట అడిగింది. "పెద్దయ్యాక నన్ను కూడా చూపించి పిల్లలకి అన్నం పెడతారుగా అమ్మా?"

సాయిలక్ష్మి ముందుకు వంగింది. పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకోబోయి, చేతులకు ఇంకా కారం ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

*

ఇంటికొచ్చి ముందు ఏం చేసిందంటారా? అలవాటైన పనే చేసింది. తప్పు ఎవరిదా అని వెతికింది. టీచర్‌ది, సరిగ్గా చూసుకోదు. ఎదురింటి చైతన్యకృష్ణ తల్లిది, కొడుకు తెలుపని మిడిసిపాటు. అత్తది, అసలు ఆ సున్నిపిండితోనే వచ్చింది ఇదంతా. కందిపప్పు ఏరుతున్న వెంకాయమ్మ ఈ లెక్కంతా విని, "పిల్లలాటకి ఇంత గోలేందే" అని తన పని తాను చూసుకుంది.

తర్వాత పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నువ్వు నల్లగా లేవమ్మా, ఎవరన్నారు? చామనఛాయ నువ్వు" అని చెప్పింది.

ఉదయశ్రీ తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. "ఉన్నాగా."

"లేవు."

"ఉన్నా. నాన్న లాగా."

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న కోటి ఆ మాట విన్నాడు. సంగతంతా భార్య గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే నిలబడే విన్నాడు. చివరికి ఆ రోజుకి మిగిలిన ఒక్క మాటా వాడాడు. "నల్లగా లేవని చెప్తావేంది? నల్లగా ఉంటే ఏమైందని చెప్పాలిగానీ."

కోపంగా అనలేదు. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు. పదేళ్లుగా ఆ మనిషి పక్కన బతుకుతూ, సున్నిపిండి నీళ్లు పోస్తూ, ఆ రంగును పిల్ల ఒంటి మీద నుంచి వదిలించాలని చూసింది తనే. సాయిలక్ష్మికి సిగ్గేసింది. వేరేవాళ్ల పేర్లన్నీ ఒకటొకటిగా రాలిపోయి తన పేరొక్కటే మిగిలింది. మొదటి మాట అన్నది తను. వీధికి పంచిపెట్టింది తను.

అయితే ఏం చెయ్యాలి? పిల్లకి చెప్పిన మాట పిల్లకే వెనక్కి తీసుకోవాలి. దానికి ముందు ఆ మనిషెక్కడున్నాడో చూడాలి.

*

చూడాలనుకుంటే కనపడనిదేముంది. రెండు రోజుల తర్వాత పని నుంచి షేర్ ఆటోలో వస్తుంటే, ఊరి బయట కాలవగట్టు మీద చిసోమో నడిచి వెళ్తున్నాడు. అది అతని గదికి చుట్టుదారి. పత్తి చేల పక్కగా, దుమ్ములో, మైలున్నర ఎక్కువ. సాయిలక్ష్మి ఆటో ఆపించి దిగి, వెనకాలే పరుగులాంటి నడకతో వెళ్లింది.

"బాబూ, ఏవండీ, ఒక్క నిమిషం."

అతను ఆగాడు. రెండేళ్లుగా ఇక్కడుంటున్నాడేమో, తెలుగు నెమ్మదిగా, పట్టిపట్టి మాట్లాడతాడు. "చెప్పండి అక్కా."

అక్కా అన్నాడు. ఆ పిలుపుతో ఆమె సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయాయి. "గది ఖాళీ చేశారనుకున్నా. ఇటెందుకు పోతున్నారు, మా వీధిలోంచి దగ్గరేగా?"

అతను కొంచెం తటపటాయించాడు. "ఆ టైంలో పిల్లలు అన్నం తింటారు కదా. నన్ను చూసి ఏడుస్తున్నారు. ఒక పాప వాంతి కూడా చేసుకుంది. అందుకే ఇటు."

అతను వీధిలో కనపడక ఆరు నెలలు. ఎవరి పిల్లలో ఏడవకుండా అన్నం తినాలని ఒక మనిషి ఆరు నెలలు దుమ్ములో చుట్టు తిరిగి ఇంటికి పోయాడు. ఒక్కరితో కూడా గొడవ పెట్టుకోలేదు. సాయిలక్ష్మి అక్కడే గట్టు మీద నిలబడి, జీవితంలో మొదటిసారి ఆ మాట నోటితో అంది. "తప్పు నాదండి. మిమ్మల్ని చూపించి బూచోడని మొదట చెప్పింది నేనే. వేరే ఎవరూ కాదు."

చిసోమో నవ్వాడు. "మా ఊళ్లో మా అమ్మ, తెల్లోడొచ్చి ఎత్తుకుపోతాడని చెప్పి నాకు అన్నం పెట్టేది అక్కా. అన్నం కాదు, మొక్కజొన్న పిండి ముద్ద. అమ్మలందరూ అంతే."

పెద్దమనసుతో ఇచ్చిన దారి అది. ఇంకొకరైతే హమ్మయ్య అనుకుని ఇంటికి పోయేవాళ్లు. సాయిలక్ష్మి పోలేదు. "మీరు వదిలేశారు సరే. నన్నది వదల్లేదు. మీకు పిల్లలున్నారా?"

"ఒక పాప. మూడేళ్లు." అప్పుడతని నవ్వు తగ్గింది. "వీడియో కాల్‌లో అడుగుతుంది, అక్కడ పిల్లలు నీతో ఆడతారా నాన్నా అని. ఆడతారు అని చెప్తాను."

సాయిలక్ష్మి కొంగుతో మొహం మీద దుమ్ము తుడుచుకుంది. తర్వాత ఆమే అంది. "రేపు ఆరున్నరకి మా వీధిలోంచి రండి. నేనుంటా. పిల్లలందరికీ చెప్తా."

అతను తల అడ్డంగా ఊపాడు. "నేను అక్కడ నిలబడి, అందరూ చూడాలా? వద్దు అక్కా. అది ఇంకోరకం బొమ్మలాట."

అంటే కోపం రావాలి సాయిలక్ష్మికి. రాలేదు. న్యాయమే అనిపించింది. "సరే. మా కోసం రావద్దు. మీకు దగ్గర దారి కావాలనుకున్న రోజు రండి. ఆ లోపల నేను చెయ్యాల్సింది చేస్తా."

"చూస్తాను" అని అతను ముందుకు నడిచాడు.

*

ఆ సాయంత్రమే అరుగుల మీద గిన్నెలన్నీ చేరాక, సాయిలక్ష్మి కూతుర్ని ఎదురుగా నిలబెట్టుకుంది. గొంతు తగ్గించలేదు. ఆ గొంతు తగ్గదు కూడా.

"ఉదయా, అమ్మ నీకు అబద్ధం చెప్పింది. బూచోడు అనేవాడు ఎక్కడా లేడు. ఆ మేడ మీద ఉండేది చదువుకోడానికొచ్చిన ఒక నాన్న. ఆయన సంచీలో ఉండేది పుస్తకాలు. నువ్వు తినాలని నేను అబద్ధం చెప్పా. నల్లగా ఉండటానికీ బూచికీ ఏ సంబంధం లేదు. తప్పు నాది."

 ఆ వీధిలో సాయిలక్ష్మి నోట తప్పు నాది అన్న మాట విన్నవాళ్లెవరూ లేరు అప్పటిదాకా. ముందు తేరుకున్నది ఎదురింటామె. "బానే ఉంది. రేపట్నించి మా పిల్లోడికి అన్నం నువ్వొచ్చి పెడతావా?"

"పెడతా. తీసుకురా."

వెంకాయమ్మ లోపల్నుంచి వచ్చింది. ఆమె కోపంలో కూడా అర్థముంది, కాదనలేం. "పిల్ల ముందు తల్లి అబద్ధాలకోరునని చెప్పుకుంటే రేపు నీ మాట వింటుందటే?"

"నా మాట వినబట్టేగా అత్తయ్యా ఇదంతా" అంది సాయిలక్ష్మి. వెంకాయమ్మ కొంగు దులుపుకుని లోపలికెళ్లింది. ఆ ఆదివారం సున్నిపిండి డబ్బా దించబోతే కోడలు అడ్డం నిలబడింది. కొడుకు కూడా వచ్చి కోడలి పక్కన నిలబడ్డాడు. ముసలామె ఇద్దర్నీ చూసి, డబ్బా మళ్లీ అటక మీద పెట్టింది.

ఇంతటితో అంతా చక్కబడిందనుకునేరు. బూచోడు లేడని తెలిసిన పిల్ల ఆ పూట అన్నమే తినలేదు. మర్నాడూ తినలేదు. భయం పోతే నోరెందుకు తెరుస్తుంది? అంగన్‌వాడీ తూకంలో అరకేజీ తగ్గింది. వీధిలో మిగతా తల్లులు పాత మంత్రమే వాడుతున్నారు, వాళ్ల గిన్నెలు ఖాళీ అవుతున్నాయి. సాయిలక్ష్మి గిన్నె అలాగే ఉంటోంది. ఒక్క మాట అంటే చాలు, పిల్ల తింటుంది. ఆ మాట నాలుక చివరికి ఎన్నిసార్లు వచ్చిందో ఆమెకే తెలుసు. మేస్త్రిని బతిమాలి తొడిమలు తీసే పని మానుకుని మధ్యాహ్నాలు బస్తాలకు కుట్లు వేసే పనికి మారింది. అక్కడ చేతికి కారం తక్కువ, నడుముకు నొప్పి ఎక్కువ. సాయంత్రం వేళ్లు నాలుగుసార్లు కడిగి, ముందు తన నాలుకకు తాకించుకుని చూసుకుని, అప్పుడు ముద్ద కలిపేది. కొన్ని రోజులు పిల్ల రెండు ముద్దలు తిన్నది. కొన్ని రోజులు ఉమ్మేసింది. ఈమె మాత్రం ఆ మాట అనలేదు. తప్పు ఒప్పుకోవడం ఒక్క పూట పని. దాని మీద నిలబడ్డం రోజూ చెయ్యాల్సిన పని. అది చేసిందనే నాకు సాయిలక్ష్మి అంటే అంత గౌరవం.

పదకొండో రోజు సాయంత్రం చిసోమో ఆ వీధిలోకి వచ్చాడు.

ఎవరూ పిలవలేదు. మామూలుగా, పుస్తకాల సంచితో, దగ్గర దారిన ఇంటికి పోతున్న మనిషిలా వచ్చాడు. అరుగుల మీద పిల్లలు ఒక్కొక్కరే లోపలికి పరిగెత్తారు. చైతన్యకృష్ణ తల్లి కొంగులో దూరిపోయాడు. ఉదయశ్రీ పారిపోలేదు కానీ, తల్లి చీర గట్టిగా పట్టుకుంది.  పదకొండు రోజులు చెప్పినా భయం పోలేదు. తను ఒక్క పూటలో పెట్టిన భయం.

"అమ్మా, మొదట చెప్పింది నిజమా, తర్వాత చెప్పింది నిజమా?"

"తర్వాత చెప్పిందే."

"ఎట్టా తెలుస్తుంది?"

 ఒకసారి అబద్ధం చెప్పిన నోరు నిజమే చెబుతోందని నాలుగేళ్ల పిల్లకి ఎలా నమ్మకం కలిగిస్తుంది? ఉదయశ్రీ ఆమె మొహంలోకి కాసేపు చూసి, చీర వదిలేసింది. అరుగు దిగింది. సాయిలక్ష్మి పట్టుకోబోయి ఆగింది. వీధి మధ్యకు రెండడుగులు వేసి, మెడ పూర్తిగా వెనక్కి వాల్చి, పిల్ల అతన్నే అడిగింది.

"నువ్వు బూచోడివా?"

 చిసోమో నడక ఆపాడు. దగ్గరకు రాలేదు. ఉన్నచోటే మోకాళ్ల మీద కూర్చుని పిల్ల ఎత్తుకు దిగాడు.

"కాదమ్మా" అన్నాడు. "నా పేరు చిసోమో."

ఉదయశ్రీ అతని మొహం చూసింది. మోకాలి మీదున్న అతని చెయ్యి చూసింది. తన చెయ్యి చూసుకుంది. బాగా ఆలోచించింది.

"నేను కూడా కాదు" అంది. "నా పేరు ఉదయశ్రీ."